అమ్మ పటం ముందు ఒక చుట్ట

2024 అక్టోబరు రెండవ వారంలో ఒక రాత్రి మా అమ్మాయి మెక్సికోలోని గ్వాదలహారా నగరం నుంచి ఫోను చేసి, "అమ్మా, అమ్మమ్మకి తినడానికి ఏది బాగా ఇష్టం?" అని అడిగింది. చిన్న ప్రశ్నే కదా అని వెంటనే చెప్పబోయాను, కాని నోటికి ఏ పేరూ రాలేదు. నాన్నకు ఏది ఇష్టమో చెప్పగలను, అన్నయ్యకు ఏది ఇష్టమో చెప్పగలను, నా పిల్లల సంగతి సరేసరి. అమ్మ మాత్రం అందరూ తిన్న తరువాత తినేది, పొద్దున్నే రాత్రి మిగిలిన చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకొని తన పనిలోకి వెళ్ళిపోయేది. ఆమెకు చద్దన్నం ఇష్టమని మేమందరం అనుకునేవాళ్ళం. ఇష్టపడి తిన్నదో, మిగిలింది అదే కనుక తిన్నదో మాలో ఒక్కరమూ ఏనాడూ అడగలేదు.

అమ్మాయి అడగడానికి కారణం ఉంది. తనతో కలిసి పనిచేసే ఒక మెక్సికో అమ్మాయి ఉండే వీధిలో ఏటా నవంబరు 1, 2 తేదీల్లో చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా కలిసి, చనిపోయిన తమవారి కోసం మెట్లుమెట్లుగా ఒక పెద్ద పీఠం పెడతారట. దానిని ఒఫ్రెండా అంటారు, నైవేద్యమనే అర్థం. ఒక్కొక్క ఇంటివారు తమవారి ఫోటో తెచ్చి ఆ మెట్ల మీద ఉంచి, ఆ మనిషి బతికి ఉండగా ఏది ఇష్టంగా తినేవాడో, తాగేవాడో అదే తెచ్చి ఎదురుగా పెడతారు. "మీ ఇంటి వాళ్ళ ఫోటో కూడా తీసుకురా" అని ఆ స్నేహితురాలి తల్లి మా అమ్మాయిని పిలిచింది. ఫోటో దొరికింది, నైవేద్యం దగ్గర ఆగిపోయింది.

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండి, ఆ తరువాత ఒడిశాలో కలిసిన గంజాం జిల్లాలోని పట్టు నేత ఊరు. నాన్న మగ్గం మీద కూర్చునేవాడు, అమ్మ ఆసు పోసేది, కండెలు చుట్టేది. ఇంట్లో తెలుగు, వీధిలో సగం సగం, బజారులో ఒడియా. చనిపోయిన పెద్దల విషయంలో కూడా మా ఇంటి ఆచారం అలాగే రెండు ఊటల నుంచి వచ్చి కలిసిన నీరు. సంక్రాంతికి శ్రీకాకుళం వైపు మా బంధువులు చేసినట్టే పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ విస్తట్లో వడ్డించి, ఆ తరువాతనే మేము తినేవాళ్ళం. దీపావళికి మాత్రం ఒడియా పొరుగువారితో కలిసి గోగు పుల్లలు వెలిగించి పెద్దలను పిలిచేవాళ్ళం. ఏది తెలుగు, ఏది ఒడియా అని విడదీసి చెప్పమంటే అమ్మ చెప్పగలిగేది కాదు, ఆమెకు అలా విడదీయాలన్న ఆలోచన కూడా వచ్చి ఉండదు.

మెక్సికోవారి ఆ పండుగను దియా దె ముయెర్తోస్, అంటే మృతుల దినం అంటారు. చాలా చోట్ల నవంబరు 1 పసితనంలో పోయిన బిడ్డలది, నవంబరు 2 పెద్దవారిది. 1519లో స్పెయిన్ సైన్యం అక్కడ అడుగు పెట్టక ముందే నహువా ప్రజలకు చనిపోయినవారి పేర వరుసగా రెండు పండుగలు ఉండేవి, ఒకటి చిన్నవారికి, ఒకటి పెద్దవారికి. మిక్త్లాన్ అనే లోకానికి చేరడానికి నాలుగేళ్ళు పడుతుందని, తొమ్మిది అంచెలు దాటాలని, దారిలో ఉన్న నదిని ఒక కుక్క దాటిస్తుందని వారు నమ్మేవారు. వైతరణి పేరు విన్న మనకు, ఆ పేరుగల నది ఒడ్డున జాజ్‌పూర్‌లో పిండాలు పెట్టి వచ్చే ఈ ప్రాంతంవారికి మరీ, ఆ నదిని గురించి వేరే చెప్పనక్కరలేదు; మనకు గోవు తోక, వారికి కుక్క. ఆ తరువాత క్యాథలిక్ సన్యాసులు తెచ్చిన సకల పునీతుల పండుగ, సకల ఆత్మల స్మరణ దినం వచ్చి ఈ పాత నమ్మకాలతో కలిశాయి. ఇప్పటి ఆచారంలో దేశీయమైనది ఎంత, ఐరోపా నుంచి వచ్చింది ఎంత అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. యునెస్కో 2003లో దీనికి గుర్తింపు ఇచ్చి 2008లో తన అమూర్త వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, ఆదివాసీ ప్రజలు మృతుల కోసం చేసే పండుగగానే నమోదు చేసింది.

పీఠం మీద ఏమేమి పెడతారో అమ్మాయి ఒక్కొక్కటే చెబుతుంటే నేను కాగితం మీద రాసుకున్నాను. మొదటిది మంచినీళ్ళ గ్లాసు, ఎందుకంటే అంత దూరం నడిచి వచ్చిన ప్రాణానికి ముందు దాహం వేస్తుంది. మనం ఇచ్చే తర్పణంలో ఉన్నది కూడా ఈ ఆలోచనే కదా. తరువాత చిన్న పాత్రలో ఉప్పు, కొవ్వొత్తులు, రంగు కాగితాలను ఉలితో కత్తిరించి చేసిన తోరణాలు, కోపాల్ అనే చెట్టు జిగురు ధూపం. మన గుగ్గిలం, ఒడియావారి ఝుణా ఎలా పొగ వేస్తామో వారు కోపాల్‌ను అలాగే మట్టి ధూపపాత్రలో నిప్పుల మీద వేస్తారు. ఒక తియ్యని గుండ్రని రొట్టె ఉంటుంది. పైన పిండితోనే ఎముకల ఆకారంలో పట్టీలు అతికి, నడుమ ఒక ఉండ పెట్టి కాలుస్తారు. చక్కెరతో పోత పోసిన పుర్రెలు ఉంటాయి, వాటి నుదుటి మీద పేరు రాస్తారు. ఇవన్నీ అందరికీ ఒకటే. ఒక ఇంటి పీఠానికి, మరొక ఇంటి పీఠానికి తేడా తెచ్చేది ఆ మనిషికి ఇష్టమైన వస్తువు మాత్రమే.

అన్నిటికంటే ముందు కంటికి కనబడేది బంతిపూలు. వీధి నుంచి పీఠం దాకా బంతి రెక్కలు దారిగా చల్లుతారు, ఆ రంగునీ వాసననీ పట్టుకొని ప్రాణం ఇంటికి వస్తుందని. ఇది వినగానే నాకు ముందు ఆశ్చర్యం వేసింది, తరువాత నిజం తెలిసి మరింత ఆశ్చర్యం వేసింది. బంతి మన పువ్వని నేను పుట్టినప్పటి నుంచీ నమ్ముతూ వచ్చాను. దసరాకు గుమ్మానికి కట్టేది, సంక్రాంతికి గొబ్బెమ్మ మీద పెట్టేది, మగ్గానికి పూజ చేసినప్పుడు పలకకు చుట్టేది అదే. కాని దాని పుట్టిల్లు మెక్సికో. స్పెయిన్ ఆక్రమణ తరువాత ఐరోపావారి ఓడల మీద ప్రపంచమంతా తిరిగి మన రేవులకు చేరింది. తోటల పుస్తకాల్లో ఆఫ్రికా బంతి అనే పేరుతో ఉన్నది కూడా ఆ మెక్సికో మొక్కే. నహువా భాషలో దాని పేరుకు ఇరవై పువ్వు అని అర్థం. వారి లెక్క ఇరవైల మీద సాగేది, కనుక ఇరవై అంటే లెక్కకు మించిన రెక్కలని భావం. మన వాళ్ళు దాని గుండ్రదనం చూసి బంతి అన్నారు, ఒడియావారు గెండు ఫులో అన్నారు. గెండు అన్నా బంతే. ఒకరినొకరు అడగకుండానే రెండు భాషలవారూ పరదేశపు పువ్వుకు ఒకే పేరు పెట్టుకున్నారు. మిరపకాయ, బొప్పాయి, సపోటా కూడా ఆ వైపు నుంచి వచ్చినవేనని, సపోటా అన్న మాటే నహువా భాష నుంచి వచ్చిందని తెలిశాక, సంక్రాంతికి మా పెద్దల విస్తట్లో వడ్డించిన వాటిలో సగం వారి పెద్దలు కూడా తిని ఉన్నవేనని నాకు అర్థమైంది.

అమ్మ 2021 మే నెలలో కోవిడ్‌తో పోయింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంది. మమ్మల్ని లోపలికి వెళ్ళనివ్వలేదు. గంజాం జిల్లా నుంచి వేలమంది వెళ్ళినట్టే మా అన్నయ్య కూడా ఎప్పుడో సూరత్‌కు వెళ్ళి అక్కడి పవర్‌లూమ్ మిల్లులో స్థిరపడ్డాడు, ఆ రోజుల్లో అతనికి రావడానికి దారి లేకపోయింది. సంచిలో చుట్టిన దేహానికి ఎవరో ముక్కూ మొహమూ తెలియని యువకులు నిప్పు పెట్టారు. నేను శ్మశానం గేటు బయట ఆటోలో కూర్చున్నాను. పదకొండవ రోజు కర్మ అన్నయ్య సూరత్‌లోనే జరిపించాడు, వీడియోలో చూశాను. ఆ తరువాత ఏటా తిథి నాడు తద్దినం పెడుతున్నాడు. అతని వైపు నుంచి లోటు ఏమీ లేదు. లోటు నాకు మిగిలింది. కూతురిని కనుక నేను చేయవలసిన క్రియ ఏదీ లేదు, వచ్చి కూర్చుని ఏడవడానికి ఇరుగుపొరుగు కూడా ఆ నెలలో తలుపులు తీయలేదు. మెక్సికోలో కూడా 2020 అక్టోబరు 31 నుంచి నవంబరు 2 దాకా కోవిడ్ మృతుల కోసం మూడు రోజులు దేశవ్యాప్త సంతాపం పాటించారు, రాజధానిలో శ్మశానాలు మూసి ఉంచారు. సమాధి దగ్గరికి వెళ్ళలేని ఆ ఏడాది ప్రజలు ఇంట్లోనే పీఠాలు పెట్టుకున్నారు. ఆ మాట విన్నప్పుడు, ఎక్కడో ఉన్న ఆ ఇళ్ళవాళ్ళు నా మనుషుల్లాగే తోచారు.

2023లో అమ్మాయి కొలీగులతో కలిసి మిచోవకాన్ రాష్ట్రంలోని పాత్స్క్వారో సరస్సుకు వెళ్ళివచ్చింది. ఆ సరస్సు నడుమ హనిత్సియో అనే దీవి ఉంది. అక్కడి పురేపెచా ప్రజలు నవంబరు 1 రాత్రి సమాధుల పక్కన కొవ్వొత్తులు, బంతిపూలు, వండిన అన్నపానీయాలు పెట్టుకొని తెల్లవార్లూ కూర్చుంటారు. దీవి మీదకు పడవల్లో వచ్చే యాత్రికులే ఎక్కువై, ఇంటి మనుషుల మధ్య నుంచి కెమెరాలు తోసుకుపోతుంటే తనకు సిగ్గేసిందని, అందుకే తాను ఒడ్డునే ఒక చిన్న పల్లె శ్మశానం దగ్గర ఆగిపోయిందని చెప్పింది. అక్కడ ఒక ముసలామె తన భర్త సమాధి మీద గుడ్డ పరిచి, ఆయన కంచం, ఆయన గ్లాసు పెట్టి, చలికి దుప్పటి కప్పుకొని, పక్క సమాధి దగ్గర కూర్చున్నావిడతో ధరల గురించి మాట్లాడుతోందట. ఏడుపు లేదు, మౌనమూ లేదు. భర్త ఇంటికి వచ్చి భోజనం చేస్తుంటే పక్కన కూర్చున్నట్టుగానే ఉందని అమ్మాయి చెప్పింది.

మెక్సికో నగరపు శివార్లలోని మిస్కిక్‌లో నవంబరు 2 రాత్రి శ్మశానమంతా కొవ్వొత్తులతో నిండిపోతుంది. కంపేచే రాష్ట్రంలోని పొముచ్ అనే ఊరిలో సమాధి చేసిన మూడేళ్ళకు ఎముకలు తీసి పెట్టెలో పెడతారు, ఏటా ఆ పెట్టె తెరిచి బ్రష్షుతో ఒక్కొక్క ఎముకా తుడిచి, కింద పరిచిన కుట్టుపని గుడ్డ మారుస్తారు. వినడానికి కొందరికి ఒళ్ళు జలదరించవచ్చు. అస్థికలు కుండలో పెట్టి చెట్టుకు కట్టి, నదికి చేరేదాకా కాపాడుకునే మనం జలదరించవలసిన పని లేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది మాత్రం ప్యూబ్లా రాష్ట్రంలోని వాకెచూలా. అక్కడ ఆ ఏడాది లోపల మనిషి పోయిన ఇంటివారు, పైకప్పు తాకేంత ఎత్తుగా తెల్లని శాటిన్ గుడ్డతో అంతస్తులుగా పీఠం కట్టి తలుపులు తెరిచి ఉంచుతారు. ఊరివాళ్ళే కాదు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా లోపలికి వచ్చి, దండం పెట్టి, ఆ ఇంటివారు పెట్టింది తిని వెళతారు. మనకు ఏటి సూతకం ఉన్న ఇంట్లో ఆ ఏడాది పండుగ ఉండదు. అక్కడ ఆ ఏడాది పండుగ ముందుగా ఆ ఇంటిదే. 2021లో నా ఇంటి తలుపు ఒక్కరోజైనా అలా తెరిచి ఉండి ఉంటే బాగుండునని చాలా రోజులు అనుకున్నాను.

మెక్సికో నగరంలో 2016 నుంచి పెద్ద ఊరేగింపు జరుగుతోంది. 2015లో వచ్చిన ఒక ఇంగ్లిష్ సినిమాలో అటువంటి ఊరేగింపును కల్పించి చూపించాక, అది చూసి వచ్చే యాత్రికుల కోసం నిజంగానే మొదలుపెట్టారు. దాని మీద నాకు ఆసక్తి కలగలేదు. పువ్వుల టోపీ పెట్టుకున్న అస్థిపంజరపు దొరసాని బొమ్మ ఇప్పుడు అన్ని చోట్లా కనిపిస్తుంది. దానిని మొదట చెక్కిన హోసె గ్వాదలూపె పొసాదా 1913లో పేదవాడిగానే పోయాడు. తమ మూలాలు దాచుకొని ఐరోపావారిలా కనబడాలని చూసేవారిని ఉద్దేశించి ఆయన ఆ బొమ్మ వేశాడు. ఈమధ్య మన పట్టణాల్లో కూడా అక్టోబరు చివర పిల్లల ముఖాలకు పుర్రె రంగులు వేస్తున్నారు. ఆ రంగులు వచ్చినంత వేగంగా ఆ నీళ్ళ గ్లాసు రాలేదు, అదే నా బాధ. ముఖానికి రంగు వేసుకోవడం తప్పని నేను అనను. మా ఊరి బుఢీ ఠాకురాణి యాత్రలో అమ్మవారు పుట్టింటికి వచ్చిన రోజుల్లో జనం పులివేషాలు కట్టి తిరుగుతారు, అది మొక్కు. మొక్కు ఉన్న వేషానికి ఒక బరువు ఉంటుంది.

నిజానికి వీధి వాళ్ళంతా కలిసి పెట్టే పీఠాలకు కొత్త ఊపు వచ్చింది పరదేశంలో. అమెరికాకు వలసపోయిన మెక్సికో కుటుంబాల పిల్లలు ఈ ఆచారాన్ని చాలావరకు మరిచిపోయిన తరువాత, 1970ల తొలి సంవత్సరాల్లో లాస్ ఏంజిలిస్‌లోని సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్, శాన్‌ఫ్రాన్సిస్కోలోని గలెరియా దె లా రాసా అనే కళాకేంద్రాలు వీధి ఊరేగింపులూ, అందరి పీఠాలూ మొదలుపెట్టాయి. మొదటి దానిని నిలబెట్టినవారిలో కరెన్ బొకలేరో అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసిని ఉంది. ఆ పీఠాల మీద సొంత తాతల ఫోటోలతో పాటు, సరిహద్దు ఎడారి దాటుతూ దాహంతో చనిపోయిన, ఏ ఇంటివారో తెలియని కూలీలకు కూడా చోటు పెట్టడం అలవాటైంది. మెక్సికోలో కూడా కొన్ని ఇళ్ళలో ఎవరూ లేని ప్రాణం కోసం ఒక కొవ్వొత్తి అదనంగా వెలిగిస్తారు.

అన్నయ్యకు ఫోనులో ఈ సంగతి చెప్పినప్పుడు అతనికి నచ్చలేదు. "నేను తద్దినం పెడుతూనే ఉన్నాను కదమ్మా, మళ్ళీ ఎక్కడో పుర్రెల మధ్య అమ్మ ఫోటో ఎందుకు?" అన్నాడు. అతని మాటలో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. తాను చేసింది చాలలేదని నేను అంటున్నానేమోనన్న భయం. తర్పణం చివర మా పురోహితుడు చెప్పించే శ్లోకం అతనికి గుర్తు చేశాను: "యేషాం న మాతా న పితా న మిత్ర జ్ఞాతి బాంధవాః, తే సర్వే తృప్తిమాయాంతు మయోత్సృష్టైః కుశోదకైః." తల్లీ తండ్రీ స్నేహితులూ జ్ఞాతులూ ఎవరూ లేనివారంతా నేను విడిచిన ఈ నీటితో తృప్తి పొందాలని కదా నువ్వు చెబుతున్నావు, నువ్వు ఏటా ఊరూ పేరూ తెలియని వాళ్ళకు నీళ్ళు ఇస్తున్నావు, అక్కడ ఊరూ పేరూ తెలియని వాళ్ళు మన అమ్మకు ఇస్తామంటున్నారు అన్నాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అమ్మ ఏమి తినేదో మావుసిని అడుగు, నీకు నాకూ తెలియదు" అన్నాడు.

మావుసి మా పక్కింటి ఒడియావిడ, అమ్మకంటే పదేళ్ళు చిన్న. నేను వెళ్ళి అడిగితే క్షణం కూడా ఆలోచించలేదు. "పియాజీ" అన్నది. నేను నమ్మలేదు. ఉల్లి పకోడీ అమ్మ మా ఇంట్లో వండి పెట్టేది కాని తినగా నేను చూడలేదు. కండెల కూలి చేతికి వచ్చిన సాయంత్రాల్లో అమ్మ వీధి చివర బండి దగ్గర పొట్లం కట్టించుకొని, ఇంటికి తేకుండా నేరుగా మావుసి పెరట్లోకి వెళ్ళేదట. ఇద్దరూ బావి గట్టు మీద కూర్చుని వేడివేడిగా తినేవారట. "తిన్నాక నీకు తెలుసు కదా" అని మావుసి ఆగింది. నాకు తెలుసు. తిన్నాక అమ్మ చుట్ట కాల్చేది.

మా వైపు ఆడవాళ్ళలో ఒక తరం అడ్డచుట్ట కాల్చింది. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకొని, పెదవులు మూసి, పొగను లోపలే ఉంచుకొని పని చేసుకునేవారు. అమ్మ చుట్ట నోట్లో ఉంచుకొనే రాట్నం తిప్పేది, నూలు మీద ఒక్క నిప్పురవ్వ కూడా పడేది కాదు. నేను చదువుకొని టీచరునయ్యాను, ఇంటికి స్కూలువాళ్ళు వస్తారు, అమ్మ చుట్ట నాకు తలవంపుగా తోచేది. ఒకసారి దంతవైద్యుడు అమ్మ అంగిట్లో తెల్లని మచ్చలు చూసి, అవి క్యాన్సరుకు దారి తీస్తాయని చెప్పాడు. అది సరైన భయమే. కాని ఆ రోజు నేను ఇంటికి వచ్చి, అమ్మ చీర మడతల్లో దాచుకున్న చుట్టల కట్ట తీసి ఆమె చూస్తుండగా మురుగుకాలువలో పారేసిన తీరులో ఆ భయం ఒక్కటే లేదు. అమ్మ ఏమీ అనలేదు. ఆ తరువాత మా ఇంట్లో ఆమె చుట్ట కాల్చగా నేను చూడలేదు. పెరటి గోడకు అవతల, మావుసి బావి గట్టు మీద, ఇంకా ఎన్నో ఏళ్ళు కాల్చిందని ఇప్పుడు తెలిసింది.

అమ్మాయికి పియాజీ సంగతి వెంటనే చెప్పాను, చుట్ట సంగతి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. పొగాకు వద్దని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పినదానిని, అమ్మ పటం ముందు పొగాకు పెట్టమని చెప్పలేకపోయాను. ఆ మాటే అమ్మాయి తన స్నేహితురాలి తల్లిని అడిగిందట. ఆవిడ తన భర్త ఫోటో ముందు సిగరెట్లు, ఒక చిన్న గ్లాసుతో మెస్కాల్ సారాయి పెడుతుంది. ఆయన కాలేయం పాడై పోయాడు. "ఆయన తాగినందుకు బతికి ఉండగా నేను చాలా పోట్లాడాను. ఇక ఇప్పుడు ఆయనకు జబ్బు రాదు. ఇంటికి వచ్చిన మనిషితో మళ్ళీ పోట్లాడతానా?" అన్నదట. అమ్మాయి దానిని తెలుగులో చెప్పగా విని నేను చాలాసేపు ఫోను చేత్తో పట్టుకునే కూర్చున్నాను.

ఆ ఏడాది అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం మొదలై నవంబరు 1 సాయంత్రం దాకా ఉండడంతో దీపావళి ఎప్పుడన్న దాని మీద ఊరంతా రెండు మాటలు వినబడ్డాయి. మా వీధిలో పెద్దలను పిలిచింది నవంబరు 1 సాయంత్రం. బజారులో కట్టగా కొన్న గోగు పుల్లలు, ఒడియావారు కఁవురియా కాఠి అంటారు, కొసలకు నూనెలో ముంచిన గుడ్డ చుట్టి సిద్ధం చేసుకున్నాను. మావుసి వచ్చి గుమ్మం ముందు తెరచాప పడవ ఆకారంలో ముగ్గు వేసి, దాని గదుల్లో పత్తి, ఆవాలు, పసుపు, శతావరి వేరు, ఉప్పు పెట్టింది. ఉప్పు పెడుతుండగా నేను నా కాగితం మీద రాసుకున్న మెక్సికో జాబితాను గుర్తు చేసుకున్నాను. దీపావళి ప్రదోషవేళ కాగడాలు చేతబట్టి పితృదేవతలకు దారి చూపాలని మన ధర్మశాస్త్రాల్లో కూడా ఉంది, ఉల్కాదానమని దాని పేరు. తెలుగు ఇళ్ళలో అది పిల్లలు గోగు కాడలు నేలకు కొడుతూ "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి" అనే ఆటగా మిగిలింది. ఒడియావారు ఆ పిలుపును పిలుపుగానే ఉంచుకున్నారు.

ఐదున్నరకు చీకటి పడుతుండగా పుల్లలు వెలిగించి పైకెత్తాం. అమ్మాయి వీడియోలో ఉంది. అక్కడ తెల్లవారి ఆరు గంటలు. "బడబడువా హో, అంధారరే ఆస, ఆలుఅరే జాఅ, మహాప్రసాద ఖాఇ బాఇశి పహాచరే గడగడఉథాఅ" అని మావుసి మొదలుపెడితే మేమంతా అందుకున్నాం. పెద్దలారా, చీకట్లో రండి, వెలుగులో వెళ్ళండి, మహాప్రసాదం తిని పూరీ గుడి ఇరవై రెండు మెట్ల మీద దొర్లుతూ ఉండండి అని దాని అర్థం. అన్నయ్య సూరత్ నుంచి ఇంకొక ఫోనులో ఉండి గొంతు కలిపాడు. ఈ పిలుపుకు కొడుకా కూతురా అన్న పట్టింపు లేదు, ఇంట్లో ఉన్నవాళ్ళంతా పుల్ల పట్టుకోవచ్చు. మూడున్నరేళ్ళ తరువాత అమ్మ కోసం నా చేత్తో నిప్పు పట్టుకున్నది ఆ సాయంత్రమే.

మర్నాడు పొద్దున పువ్వులకు వెళుతుంటే క్రైస్తవుల సమాధితోట గేటు బారుగా తెరిచి ఉంది. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు కుటుంబాలతో వచ్చి గడ్డి కోసి, సమాధులకు సున్నం వేసి, బంతిమాలలు వేసి కొవ్వొత్తులు వెలిగిస్తున్నారు. ఏటా నవంబరు 2న అది జరుగుతూనే ఉండి ఉంటుంది. ఆ దారిన నలభై ఏళ్ళు బడికి నడిచిన నేను ఆ రోజే ఆగి చూశాను.

ఇంటికి వచ్చేసరికి అమ్మాయి పంపిన ఫోటోలు ఉన్నాయి. ఒకదానిని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఐదు మెట్ల పీఠం, అంతటా బంతి. మూడవ మెట్టు మీద సిగరెట్ల ఆయనకూ, బడి దుస్తుల్లో ఉన్న ఒక పిల్లవాడికీ నడుమ మా అమ్మ ఉంది. గోడకు వేలాడే స్టూడియో పటం కాదు, 2018లో అమ్మాయి పెరట్లో తీసిన ఫోటో. చేతిలో కండె ఉంది, జుట్టు రేగి ఉంది. ముందు నీళ్ళ గ్లాసు, ఆకు మీద పియాజీలు, అమ్మ చీర నుంచి కత్తిరించి నేను ఎప్పుడో ఇచ్చిన ఎర్రని పట్టు అంచు ముక్క. దాని మీద అక్కడి బజారులో కొన్న ఒక చుట్ట వెలిగించి ఉంది.

సాయంత్రం అమ్మాయి ఫోనులో ఒక సంగతి చెప్పింది. పీఠం చూసుకుంటున్న ఒక పెద్దావిడ రెండుసార్లు వచ్చి, పొరపాటున పెట్టారనుకొని ఆ చుట్టను తిప్పి సరిగ్గా పెట్టిందట. రెండుసార్లూ మా అమ్మాయి దానిని మళ్ళీ తిప్పి, నిప్పు ఉన్న కొసను అమ్మమ్మ వైపుకు పెట్టిందట. మూడవసారి ఆ పెద్దావిడ ఎందుకని అడిగితే, తనకు వచ్చిన స్పానిష్‌లో, నోరు తెరిచి చేతితో చూపించి చెప్పిందట. ఆవిడ కాసేపు అమ్మ ఫోటోను చూసి, నిప్పు ఆరిపోకుండా ఆ కొస దగ్గర నెమ్మదిగా ఊదిందట.